కంప్యూటర్ శబ్దం: స్వయంబోధన – 3వ పాఠం: హెడ్‌ఫోన్‌లో చిటపటలు ఎక్కడ పుడుతున్నాయి?

శబ్దం కంప్యూటర్‌లో అంకెల వరుసగా ఎలా నిల్వ ఉంటుందో మొదటి పాఠంలోను, ఆ అంకెలను సౌండ్ కార్డు విద్యుత్ తరంగంగా ఎలా మారుస్తుందో రెండవ పాఠంలోను చూశాము. ఆ వరుసలోని ఒక్కొక్క అంకెను శాంపిల్ అంటారు. పాటల సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లు, వీడియోలలో సాధారణంగా 48,000 శాంపిళ్లు ఉంటాయన్న సంగతి ఈ పాఠంలోనూ అవసరమవుతుంది కనుక గుర్తుంచుకోండి. ఈ పాఠంలో, పాట వింటుండగా హెడ్‌ఫోన్‌లో వినిపించే చిటపటలకు మూలాన్ని కనిపెట్టడం నేర్చుకుందాము.

చిటపట వినగానే డ్రైవర్ (ఒక పరికరాన్ని కంప్యూటర్ చేత నడిపించే సాఫ్ట్‌వేర్) తీసివేసి మళ్లీ ఎక్కించడం చాలామందికి అలవాటు. నా దృష్టిలో అది చివర చేయవలసిన పని. లోపం తీగలో ఉంటే డ్రైవర్ మార్చినందువల్ల ప్రయోజనం ఉండదు. లోపం డ్రైవర్‌లోనే ఉన్నా, అది సౌండ్ కార్డు డ్రైవర్ కాకుండా మరొక పరికరానిది కావచ్చు. కాబట్టి ముందుగా తేల్చుకోవలసినది ఒక్కటే: శబ్దం అంకెలుగా ఉన్నప్పుడు చెడిందా, విద్యుత్ తరంగంగా మారిన తరువాత చెడిందా?

అంకెల దశలో చిటపట ఎలా పుడుతుందో చూడండి. ప్రాసెసర్ శాంపిళ్లను ఒక్కొక్కటిగా కాక, కొన్నింటిని ఒకేసారి బఫర్ అనే చిన్న నిల్వలో నింపుతుంది. సౌండ్ కార్డు అందులోనుంచి క్రమం తప్పకుండా తీసుకుంటూ ఉంటుంది. మిద్దె మీది ట్యాంకు ఖాళీ అయ్యేలోగా మోటారు వేయకపోతే కుళాయి ఆగినట్లే, బఫర్ ఖాళీ అయ్యేలోగా ప్రాసెసర్ దానిని నింపకపోతే శబ్దం తెగిపోతుంది. విండోస్‌లో మామూలుగా ఈ నింపే వంతు 10 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తుంది. సెకనుకు 48,000 చొప్పున లెక్కిస్తే వంతుకు 480 శాంపిళ్లు. ఆ వంతు తప్పితే, పైకి లేస్తున్న తరంగం హఠాత్తుగా సున్నాకు పడిపోయి, తరువాత అంతే హఠాత్తుగా మళ్లీ లేస్తుంది. ఆ నిట్టనిలువు అంచు చెవికి ‘టప్’ అని వినిపిస్తుంది. అటువంటివి వరుసగా వస్తే అవే చిటపటలు.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం కలుగుతుంది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం పది శాతం కూడా లేనప్పుడు ఆలస్యం ఎందుకు జరుగుతుంది? అక్కడ కనిపించేది కొంతసేపటి సగటు మాత్రమే. వైఫై డ్రైవరో, గ్రాఫిక్స్ డ్రైవరో, బ్యాటరీని గమనించే భాగమో ప్రాసెసర్‌ను కొన్ని మిల్లీసెకన్లు వదలకుండా పట్టుకుంటే శబ్దం తెగడానికి అది చాలు. కాని సెకను మొత్తం మీది సగటులో ఆ చిన్న ఆటంకం కనిపించదు.

తరంగ దశలోని లోపాలు వేరు. సాకెట్ లోపలి స్ప్రింగులపై మురికి పేరుకోవడం, ప్లగ్ దగ్గర తీగ లోపల తెగడం, గ్రాఫిక్స్ కార్డు తీసుకునే విద్యుత్తులోని ఒడిదుడుకులు శబ్దమార్గంలోకి చొరబడడం వంటివి అంకెలతో సంబంధం లేనివి.

ఈ రెండు దశలను విడదీయడానికి ఒక మంచి పరీక్ష ఉంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ‘జనరేట్’ మెనూ నుండి ‘సైలెన్స్’ ఎంచుకొని, రెండు నిమిషాల నిశ్శబ్దాన్ని సృష్టించి, వేవ్ ఫైలుగా భద్రపరచండి. దానిని ప్లే చేస్తూ, హెడ్‌ఫోన్‌ను చెవులకు కొంచెం దూరంగా పట్టుకొని, శబ్దస్థాయిని మీరు మామూలుగా వినేదానికన్నా కాస్త పెంచండి. ఆ ఫైలులో ఉన్నవన్నీ సున్నాలు, లేదా సున్నాకు అతి దగ్గరి విలువలే. వంతు తప్పి కొన్ని శాంపిళ్లు అందకపోయినా వాటి స్థానంలో వచ్చేది సున్నాయే కనుక తేడా వినిపించదు. అప్పుడు కూడా చిటపటలు వస్తే దోషం దాదాపుగా తరంగ దశలోనే ఉందన్నమాట. నిశ్శబ్ద ఫైలు శుభ్రంగా ఉండి, పాటలో మాత్రం చిటపటలు వస్తే అంకెల దశను అనుమానించాలి. ఏ ఫైలూ ప్లే చేయకుండా ఊరకే వింటే చాలదా అంటే, చాలదు. పని లేనప్పుడు చాలా సౌండ్ కార్డులు విద్యుత్తు ఆదా కోసం నిద్రలోకి జారుకుంటాయి. పాట మొదలయ్యేటప్పుడు ఒక్కసారి మాత్రమే ‘టక్’ మనడం సాధారణంగా ఆ నిద్ర నుండి మేల్కొన్న చప్పుడే గాని, మనం వెతుకుతున్న లోపం కాదు.

దోషం తరంగ దశలో ఉందని తేలితే, ముందు ప్లగ్‌ను సాకెట్‌లోనే నెమ్మదిగా తిప్పి చూడండి. తిప్పినప్పుడు చిటపట వస్తే అదే హెడ్‌ఫోన్‌ను ఫోన్‌కో, మరో కంప్యూటర్‌కో పెట్టండి. అక్కడా వస్తే హెడ్‌ఫోన్ తీగ దెబ్బతిన్నట్లు. రాకపోతే సాకెట్‌ను శుభ్రం చేయాలి. కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి, ప్లగ్‌పై కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి, పలుమార్లు పెట్టి తీసి, బాగా ఆరిన తరువాతే మళ్లీ ఆన్ చేయండి. దూదిపుల్లలు లోపలికి దూర్చవద్దు. వాటి పోగులు స్ప్రింగులలో చిక్కుకుంటే కొత్త సమస్య మొదలవుతుంది.

తిప్పినా తేడా లేక, మౌస్ కదిపినప్పుడో, గేమ్ ఆడేటప్పుడో బర్రుమనే రొద వస్తుంటే విద్యుత్ చొరబాటును అనుమానించాలి. డెస్క్‌టాప్‌లో ముందు సాకెట్ నుండి మదర్‌బోర్డుకు వెళ్లే తీగ క్యాబినెట్ లోపల ఇతర భాగాల పక్కగా సాగుతుంది కనుక, వెనుక సాకెట్‌కు మార్చి వినండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీసి బ్యాటరీపై నడపండి. రొద ఆగితే, మూడు పిన్నుల చార్జర్‌ను రెండు పిన్నుల కన్వర్టర్‌తో వాడుతున్నారేమో చూసుకోండి. అలా వాడితే ఎర్త్ కలవదు. ఎర్త్ ఉన్న సాకెట్‌కు మారడం శబ్దం కోసమే కాదు, మీ భద్రత కోసమూ అవసరం. ఇవేవీ పని చేయకపోతే చిన్న యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ వాడి చూడవచ్చు. దానితో అంకెలు తరంగంగా మారే చోటు మదర్‌బోర్డు నుండి బయటకు వచ్చేస్తుంది.

దోషం అంకెల దశలో ఉందని తేలితే, ముందు సౌండ్ సెట్టింగ్స్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపివేయండి. డిఫాల్ట్ ఫార్మాట్ 192,000 హెర్ట్జ్‌లో ఉంటే 48,000కు తగ్గించండి. ఎక్కువ అంకె మంచిదన్న నమ్మకంతో పెంచినవారికి దక్కేది నాలుగింతల శాంపిళ్ల భారమే. తరువాత లేటెన్సీమాన్ అనే ఉచిత సాధనాన్ని పాట వింటూ పది నిమిషాలు నడపండి. దాని డ్రైవర్ల పట్టికలో ఎక్కువ సమయం తీసుకున్న ఫైలు పేరు, అది ఏ పరికరానిదో కనిపిస్తాయి. అది వైఫైదైతే డివైస్ మేనేజర్‌లో వైఫైని తాత్కాలికంగా డిసేబుల్ చేసి వినండి. చిటపట ఆగితేనే ఆ డ్రైవర్‌ను మార్చండి.

పాటలో గట్టి ఘట్టాల వద్ద మాత్రమే వచ్చే చిటపట కూడా సాధారణంగా అంకెల దశదే గాని, బఫర్ వంతు తప్పినందువల్ల వచ్చేది కాదు. 16 బిట్ల శబ్దంలో ఒక శాంపిల్‌కు 32,767ను మించిన విలువ ఉండదు. ఈక్వలైజర్‌లో (మంద్ర, తార స్వరాలను వేర్వేరుగా పెంచే, తగ్గించే చోటు) మంద్రస్వరాలను 6 డెసిబెల్స్ పెంచితే అక్కడి తరంగం ఎత్తు దాదాపు రెట్టింపై, ఆ హద్దు దాటిన శిఖరాలు కోసివేసినట్లు చదునవుతాయి. ఈక్వలైజర్‌లో ఎంత పెంచారో, అక్కడే మొత్తం శబ్దస్థాయిని మార్చే ప్రీయాంప్‌ను అంత తగ్గించండి. వీఎల్‌సీ వంటి ప్లేయర్లలో శబ్దాన్ని 100 శాతం దాటించి ఉంటే వెనక్కి తీసుకురండి.

వచ్చే పాఠంలో ఇదే లోపాన్ని లినక్స్‌లో, అక్కడ శబ్దాన్ని నడిపించే పైప్‌వైర్ అనే సాఫ్ట్‌వేర్ సహాయంతో వెతుకుతాము. ఈలోగా, మీ కంప్యూటర్‌లో లోపం ఉన్నా లేకపోయినా నిశ్శబ్ద ఫైలు పరీక్ష చేసి, మౌస్ కదిపినప్పుడు, చార్జర్ పెట్టినప్పుడు, పెద్ద ఫైలు కాపీ అవుతున్నప్పుడు ఏమి వినిపించిందో వేర్వేరుగా రాసి పెట్టుకోండి.