గుండ్రటి గ్రాఫులో వలస పక్షులు, 3వ పాఠం: డిసెంబరు పక్కన జనవరి

పోయిన పాఠంలో కొల్లేరు సూదితోక బాతుల పట్టికతో మామూలు కడ్డీల గ్రాఫు గీశాం కదా, దాన్ని ఓసారి తెరవండి. (అంకెలు అభ్యాసం కోసం నేను వేసినవే, నిజమైన లెక్కలనుకుని ఎక్కడా వాడకండి.) ఎడమ చివర జనవరి, ఫిబ్రవరి ఎత్తుగా ఉన్నాయి, మధ్యలో ఖాళీ, కుడి చివర నవంబరు, డిసెంబరు మళ్లీ ఎత్తు. తెలియనివాళ్లు చూస్తే ఈ బాతు ఏడాదికి రెండుసార్లు వస్తుందనుకుంటారు. వచ్చేది ఒక్కసారే, చలికాలం గడపడానికి. ఉత్తరాది చలి దేశాల్లో పిల్లల్ని లేపుకుని ఇటు దిగి, ఎండలు ముదరకముందే తిరిగి వెళ్లిపోతుంది. ఆ ఒక్క చలికాలాన్ని జనవరి 1 దగ్గర మనమే తెగ్గొట్టి చెరో చివర పడేశాం.

ఇవాళ ఆ రెండు ముక్కల్నీ కలుపుదాం.

లెక్కలకీ గ్రాఫులకీ వాడే కంప్యూటర్ భాష ఆర్‌లో ఇది ఒక్క లైను పని. కమాండ్ల పేర్లు నేను తెలుగులో రాస్తున్నా గానీ, మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే, రెండు మాటల మధ్య అండర్‌స్కోరు. ఆర్‌లో గ్రాఫులు గీసే ప్యాకేజీ జీజీప్లాట్2లో, కడ్డీలు గీసే జియోమ్ కాల్ (సీ, ఓ, ఎల్)తో గీసిన పాత గ్రాఫు చివర ప్లస్ గుర్తు పెట్టి కోఆర్డ్ పోలార్ అని రాసి, ఖాళీ బ్రాకెట్లు తెరిచి మూసేయండి. కడ్డీలన్నీ పిజ్జా ముక్కల్లా మధ్య నుంచి విచ్చుకుంటాయి. ముక్కల మధ్య సందులు వద్దనుకుంటే జియోమ్ కాల్‌లో విడ్త్ 1 అనండి.

పట్టికలో 1, 2 అంకెలకు బదులు నెలల పేర్లే రాసుకున్నవాళ్లు, మీకొచ్చిన బొమ్మలో నెలల వరుస చూశారా? ఏప్రిల్, ఆగస్టు, డిసెంబరు, ఫిబ్రవరి... అది ఇంగ్లీషు అక్షరాల వరుస. నెలంటే ఏమిటో ఆర్‌కి తెలియదు, దానికవి ఉట్టి మాటలు. నెల కాలమ్‌ని ఫ్యాక్టర్‌గా (మనం చెప్పిన వరుసలో ఉండే పేర్లుగా) మార్చి, ఆ వరుస చెప్పే లెవెల్స్ దగ్గర మంత్ డాట్ ఏబీబీ అని ఇవ్వండి. జనవరి నుంచి డిసెంబరు దాకా మూడక్షరాల పేర్లు ఆర్‌లో ముందే ఉంటాయి, అదే ఇది. మీ పట్టికలోనూ నెలల పేర్లు మూడక్షరాలే ఉండాలి సుమా, పూర్తి పేర్లుంటే మే తప్ప అన్నీ ఎన్‌ఏ (విలువ లేదని ఆర్ పెట్టే గుర్తు) అయిపోతాయి.

ఇక నేను బాగా దెబ్బతిన్న చోటు. మొదటిసారి ఇలాంటి బొమ్మ గీసి, రంగులేసి, మా బావకి గర్వంగా చూపిస్తే ఆయన రెండు క్షణాలు చూసి "ఇందులో ఎండాకాలం ఏదిరా?" అన్నాడు. లెక్కపెడితే చక్రంలో తొమ్మిదే ముక్కలు! బాతులు కనబడని మూడు నెలలకీ పట్టికలో వరుసే లేదు, లేని వరుసకి ఆర్ చోటివ్వదు, ఉన్న తొమ్మిదింటినీ సాగదీసి చక్రమంతా నింపేసింది. కడ్డీల గ్రాఫులోనూ ఇదే జరుగుతుంది గానీ, చక్రం ఎప్పుడూ నిండుగానే కనబడుతుంది కాబట్టి ఇక్కడ పట్టుకోవడం కష్టం. స్కేల్ ఎక్స్ డిస్క్రీట్‌లో డ్రాప్ ఈక్వల్స్ ఫాల్స్ (ఫాల్స్ మాత్రం పెద్ద అక్షరాల్లో) అని పెడితే ఖాళీ నెలలు కూడా తమ చోట్లో కూర్చుంటాయి. అయితే ఒకటి, మే నెలలో బాతు లేకపోవడం వేరు, మే ఎండకి జడిసి మనమే చెరువుకి వెళ్లకపోవడం వేరు. మొదటిది సున్నా, రెండోది ఖాళీ. ఎవరూ వెళ్లని నెల మీద బూడిదరంగు వేసి చెప్పేయడం మర్యాద.

అందుకే పక్షుల తలలు కాకుండా జాబితాల శాతం గీయమంటున్నాను. జాబితా అంటే ఒకరు ఒకసారి వెళ్లి చూసిన పక్షుల పట్టీ, అలాంటివాటిలో నూటికి ఎన్నింటిలో బాతు ఉందో అదే శాతం. ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపు ఉంటుంది, ఆ నాలుగు రోజులూ అందరూ బైనాక్యులర్లు పట్టుకుని బయల్దేరతారు. మన పట్టికలో ఫిబ్రవరికి 60 జాబితాలు, 24లో బాతు ఉంది. నవంబరుకి 20 జాబితాలే, 9లో ఉంది. ఉత్త అంకెలు గీస్తే ఫిబ్రవరి ముక్క నవంబరుని మింగేస్తుంది. శాతం తీస్తే ఫిబ్రవరి 40, నవంబరు 45. పెరిగింది బాతులు కాదు, చూసేవాళ్లు.

ఇంకో మోసం చక్రంలోనే ఉంది. విలువ రెండింతలైతే ముక్క పొడవు రెండింతలవుతుంది, వైశాల్యం మాత్రం నాలుగింతలు. కన్ను చూసేది వైశాల్యాన్నే. 1858లో ఫ్లోరెన్స్ నైటింగేల్ క్రిమియా యుద్ధంలో సైనికుల మరణాల్ని నెలవారీగా ఇలాంటి ముక్కలతోనే చూపించింది, ఆవిడ వైశాల్యాన్నే లెక్కకి తీసుకుంది. మనకి స్కేల్ వై ఎస్‌క్యూఆర్‌టీ అని కలిపితే చాలు, వర్గమూలం తీసి పొడవు సరిచేస్తుంది. లోపలి వలయాలు ఎడంగా, బయటివి దగ్గరగా వస్తాయి, కంగారు పడకండి, అలాగే రావాలి.

చివరగా ఓ చిన్న ముస్తాబు. జనవరి ముక్క ఇప్పుడు గడియారంలో 12 నుంచి 1 దాకా ఉంది, అది నడినెత్తిన ఉంటే బాగుంటుందని నాకు. ఒక్కో ముక్క 30 డిగ్రీలు, అందులో సగం 15 వెనక్కి తిప్పాలి. ఆర్‌కి డిగ్రీలు కాదు, రేడియన్లే (180 డిగ్రీలంటే పై రేడియన్లు) అర్థమవుతాయి కాబట్టి కోఆర్డ్ పోలార్ లోపల స్టార్ట్ దగ్గర మైనస్ పై బై 12 అని రాయండి, పై అంటే ఇంగ్లీషులో పీ, ఐ.

వచ్చే పాఠంలోపు ఒక లెక్క వేసి చూడండి. ఒక ఏడు తొలి బాతు డిసెంబరు 31న కనబడింది, అంటే 365వ రోజు. ఇంకో ఏడు జనవరి 1న, అంటే 1వ రోజు. రెండూ కూడి సగం చేస్తే 183, అది జులై 2. కొల్లేట్లో సూదితోక బాతు ఒక్కటైనా ఉండని రోజుల్లో సగటు రాక తేదీ పడింది. తప్పెక్కడుందో కాగితం మీద ఒక చక్రం గీసుకుని, ఆ రెండు రోజుల్నీ దాని అంచున గుర్తుపెట్టి వెతకండి, 4వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.