సిరంజి హిటాచి పొద్దున్నే మొరాయిస్తే

చీమకుర్తి గ్రానైట్ క్వారీల చుట్టుపక్కల పిల్లకాయలకు హిటాచి, అంటే తవ్వి ఎత్తే పెద్ద యంత్రం, కొత్త కాదు. సైన్స్ ఫెయిర్ అనగానే సిరంజిలతో దాన్నే చేస్తామంటారు. అట్ట, ఐస్‌క్రీం పుల్లలు, సిరంజిలు, సెలైన్ పైపు, రంగు నీళ్లు కావాలని, వాటిని ఎలా అమర్చాలో అందరికీ తెలుసు. ఆడకుండా ఆగినప్పుడు ఎక్కడ చూడాలో మాత్రం తెలియదు.

లోపం ఏదైనా ముందు ఇది చేయండి: పైపు రెండు కొసలూ ఊడదీసి, ఒక్కో సిరంజి పిస్టన్‌ను విడిగా నెట్టండి. సాఫీగా జారితే తప్పు పైపులోనో కీలులోనో ఉంది. విడిగా కూడా బిగుసుకుంటే తప్పు సిరంజిదే. నిమిషం పట్టని ఈ పరీక్ష వదిలేసి, బాగున్న బూమ్‌ను (పైకి లేచే చేతిని) పీకి మళ్లీ అతికిస్తూ కూర్చుంటారు. దయచేసి ఆ పని చేయకండి.

నెట్టితే మెత్తగా దిగుతుంది, బూమ్ లేవదు

పైపులో గాలి ఉంది. మీ బలమంతా ఆ బుడగను నొక్కడానికే పోతోంది. పైపు, సిరంజిలు బకెట్ నీళ్లలో ముంచి, బుడగలన్నీ పోయాక నీళ్లలోనే కలపండి. కలిపేటప్పుడు ఒక పిస్టన్ పూర్తిగా లోపల, రెండోది పూర్తిగా బయట ఉండాలి.

లేస్తుంది, దిగదు

సిరంజి ముక్కు దగ్గర పైపు వదులైంది. నెట్టినప్పుడు అక్కడ నీటిబొట్టు కారుతుంది, లాగినప్పుడు గాలి పీలుస్తుంది. పైపు కొసను వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక ముక్కుకు లోతుగా ఎక్కించి, పైన బైండింగ్ వైరు చుట్టండి. హాట్ గ్లూ మీద ఆధారపడకండి, సిరంజి ప్లాస్టిక్‌ను అది గట్టిగా పట్టదు.

సగం లేచి ఆగుతుంది

సిరంజిని కదలకుండా అట్టకు అతికించేశారు. బూమ్ లేచేకొద్దీ సిరంజి వాలు కూడా మారాలి. సైకిల్ పుల్ల ముక్కను ఇరుసుగా పెట్టి, అటూ ఇటూ ఊగేలా కట్టండి. చేతి వైపు 5 మి.లీ., బూమ్ వైపు 10 మి.లీ. సిరంజి ఉందో లేదో కూడా చూడండి. తిరగేసి పెడితే బరువు ఎత్తలేదు.

రాత్రి బాగా ఆడింది, పొద్దున బిగుసుకుంది, మధ్యాహ్నం మళ్లీ ఆడింది

అందరినీ ఏమార్చేది ఇదే. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రమే కనిపిస్తుంది. మధ్యాహ్నానికి దానంతటదే సర్దుకోవడంతో గాలి బుడగ అనుకుని పైపు మార్చేస్తారు. మర్నాడు పొద్దున, సరిగ్గా ప్రదర్శన వేళకు, మళ్లీ అదే తంతు.

కారణం కొబ్బరినూనె. పిస్టన్ సాఫీగా జారాలని ఇంట్లోవాళ్లు రెండు చుక్కలు రాస్తారు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. మన నెల్లూరు, ఒంగోలు వైపు చలి పెద్దగా లేకపోయినా, ఈ నెలల్లో తెల్లవారుజామున అంతకంటే కిందికి దిగుతుంది. బాత్రూంలో సీసా గడ్డకట్టిన రోజున సిరంజిలోనూ అదే జరుగుతుంది. రబ్బరు అంచుకూ గోడకూ మధ్యనున్న సన్నటి నూనె పొర మైనంలా పట్టేస్తుంది.

తేల్చుకోవడం సులభం. పిస్టన్ రబ్బరు చుట్టూ తెల్లటి గీత ఉందేమో వెలుగులో చూడండి. తర్వాత సిరంజిని పిడికిట్లో అయిదు నిమిషాలు పట్టుకోండి. వదులైతే నూనే. ఎండలో పెట్టి ఆడించేసి ఊరుకోవద్దు, ఎందుకంటే నూనెతో రెండో నష్టం కూడా ఉంది. అది రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది. ఉబ్బితే వెచ్చబడినా వదలదు. వేరుశనగ నూనె పేరుకోదు కదా అని రాసినా ఈ ఉబ్బు తప్పదు. వాజలీన్‌తోనూ అంతే.

బాగుచేయాలంటే పిస్టన్ బయటికి లాగి, రబ్బరునూ గొట్టాన్నీ గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడగండి. నూనె పైపులోకి కూడా వెళ్లి ఉంటుంది, అదే నీళ్లు దాని గుండా పోయండి. తర్వాత మంచినీళ్లతో మూడు నాలుగు సార్లు జాడించాలి, సబ్బు మిగిలితే నురగ కట్టి మళ్లీ గాలి చేరుతుంది. రబ్బరును కొత్త సిరంజి రబ్బరుతో పోల్చండి. లావుగా, మెత్తగా అనిపిస్తే ఆ సిరంజి పారేయండి. కొత్తది కొన్ని రూపాయలే.

జారుడుకు మందుల షాపులో దొరికే గ్లిజరిన్ వాడండి. గ్లిజరిన్ సగం, నీళ్లు సగం కలిపి, ఒక్క చుక్క రబ్బరు అంచుకు వేలితో రాసి, పదిసార్లు ఆడించి, మిగిలింది తుడవాలి. ఇది రబ్బరును పాడుచేయదు. నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి రెండు మూడు రోజులకోసారి మళ్లీ రాయాలి.

మిగతావి

పైపులో నీళ్లు గడ్డకట్టాయేమో అన్న అనుమానం మన ఊళ్లలో అక్కర్లేదు. సిరంజి గొట్టం పగలడం అరుదు, పగిలితే కారుతూ కనిపిస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానలకు అట్ట నెమ్మెక్కి కీళ్లు వంగితే, ఆ ముక్క మార్చి రాత్రిళ్లు ప్లాస్టిక్ కవరులో ఉంచండి. తవ్వే బకెట్‌ను ఎత్తగానే బొమ్మ ముందుకు బోర్లాపడితే, క్యాబిన్ వెనక డబ్బాలో గులకరాళ్లు నింపండి. అసలు హిటాచిలోనూ వెనక బరువు ఉండేది అందుకే.