కార్బన్ ఫైబర్ చేతిపని – పాఠం 6: ఫోమ్ అచ్చు, ఎక్కువ వేడి అడిగే ప్రీప్రెగ్

పోయిన పాఠం చదివి పని మొదలుపెట్టినవాళ్లు పంపిన ఫొటోల్లో చాలావరకు ఒకే దృశ్యం. అంచు దగ్గర ఫోమ్ కుంగింది, దాని మీద కార్బన్ ముడతలు పడింది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, అటు సిరొంచ, అన్నిచోట్లా ఇదే. అందుకని ఈసారి చెబుతానన్న శాండ్‌విచ్ ప్యానెల్ పాఠాన్ని పక్కన పెట్టాను.

మీరు కొన్న ప్రీప్రెగ్, అంటే ముందే రెజిన్ అనే జిగురు పట్టించిన కార్బన్ బట్ట, 120 డిగ్రీల్లో గట్టిపడేదో 180 డిగ్రీల్లో గట్టిపడేదో. అచ్చు మాత్రం ఎక్స్‌పీఎస్, అంటే పాలీస్టైరీన్ ఫోమ్ షీటు. పాలీస్టైరీన్ 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. షీటు తయారుచేసేవాళ్లు సాధారణంగా 75 దాటవద్దంటారు. పైగా పంపుతో గాలి లాగేసిన వాక్యూమ్ బ్యాగ్ చదరపు మీటరుకు దాదాపు 10 టన్నుల బరువుతో నొక్కుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ బరువు మోసిన ఫోమ్ వేడెక్కాక గంటల తరబడి మోయలేదు. నేనైతే ఎక్స్‌పీఎస్‌ను 65 దాటనివ్వను.

బ్యాగ్ కట్టడం మీకు వచ్చు, మళ్లీ చెప్పను. ఒక్క మాట: కోరాపుట్, సునాబెడ వైపు 900 మీటర్ల దాకా ఎత్తున ఉన్నవాళ్లకి గేజ్ ఎప్పటికీ పూర్తి అంకె చూపించదు. అక్కడ గాలి ఒత్తిడే పదో వంతు తక్కువ. లీక్ అనుకుని టేపు పీకకండి.

ఇప్పుడు అసలు విషయం. "180లో రెండు గంటలైతే, 70లో రాత్రంతా ఉంచితే సరిపోదా?" అని చాలామంది అడిగారు. సరిపోదు. ఇది అన్నం ఉడికించడం లాంటిది కాదు, సన్నని సెగ మీద ఎక్కువసేపు ఉంచితే ఉడికిపోవడానికి. 120 డిగ్రీల రకాల్లో చాలావాటికి రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్‌గా డైసీ అనే పొడి ఉంటుంది. తగినంత వేడి తగిలేదాకా అది రెజిన్‌లో కరగదు. కరగకపోతే పని మొదలే కాదు. 180 రకాల్లో సాధారణంగా డీడీఎస్ అనే హార్డెనర్ ఉంటుంది, అది 70 దగ్గర దాదాపు నిద్రలోనే ఉంటుంది.

రెండో అడ్డంకి ఇంకా మొండిది. రెజిన్ గట్టిపడుతున్నకొద్దీ అది మెత్తబడే ఉష్ణోగ్రత, అంటే టీజీ, పెరుగుతూ పోతుంది. టీజీ మీ ఓవెన్ వేడిని అందుకుని కాస్త దాటేసరికి అణువులు కదలలేక చర్య ఇంచుమించు ఆగిపోతుంది. ఆపైన ఎన్ని రాత్రులు ఉంచినా పెద్దగా ఏమీ జరగదు. గోటితో గీస్తే గీత పడదు, తడితే ఖణేల్‌మంటుంది, అయినా అది పూర్తి కాలేదు. చంద్రపూర్ వైపు 45 దాటే ఎండలో నల్లటి డ్రోన్ రెక్క పైపొర 70 దాకా వెళ్లగలదు. సగం క్యూర్ అయిన, అంటే రెజిన్‌లో చర్య సగమే పూర్తయిన రెక్క అక్కడ వంగుతుంది. గట్టిగా ఉండటం వేరు, క్యూర్ అవడం వేరు. దయచేసి డేటా షీటులో కనిష్ఠ క్యూర్ ఉష్ణోగ్రత ఎంతో చదవండి. కొన్ని 120 రకాలకు 80లో పది పన్నెండు గంటలు చాలని అందులోనే రాసి ఉంటుంది. రాసి లేకపోతే, లేదనే అర్థం.

మరి దారేమిటి? అచ్చుల కోసమే తయారయ్యే తక్కువ వేడి ప్రీప్రెగ్‌లు దొరుకుతాయి. వాటిని ఫోమ్ మీదే 60, 65లో, డేటా షీటు చెప్పినంతసేపు ఉంచి, ఫోమ్ నుంచి విడదీసి, వస్తువును ఒంటరిగా పోస్ట్ క్యూర్ చేస్తారు, అంటే మళ్లీ ఎక్కువ వేడిలో ఉంచి క్యూర్ పూర్తి చేస్తారు. అప్పుడు వేడిని గంటకు 10 నుంచి 20 డిగ్రీల చొప్పున మాత్రమే పెంచాలి. టీజీ ఎప్పుడూ ఓవెన్ వేడి కంటే ఒక అడుగు ముందుండాలి. తొందరపడితే వస్తువు తన బరువుకే వంగుతుంది.

నాకు ఇష్టమైన దారి వేరే. ఫోమ్‌ను నమూనాగానే వాడండి. దాని మీద ఎక్కువ వేడి తట్టే టూలింగ్ ఎపాక్సీతో గ్లాస్ ఫైబర్ అచ్చు తీయండి. ఎపాక్సీయే వాడాలి, పాలిస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ పాలీస్టైరీన్ ఫోమ్‌ను తినేస్తుంది. ఆ అచ్చుకు పోస్ట్ క్యూర్ అయ్యాక ప్రీప్రెగ్‌ను 120లో నిశ్చింతగా పెట్టుకోవచ్చు. పని రెట్టింపే, కానీ అచ్చు మళ్లీ మళ్లీ పనికొస్తుంది. 180 తట్టే పీఎంఐ ఫోమ్ కూడా ఉంది. దాని ఖరీదుకు అచ్చు చేసుకోవడం దండగ, వస్తువు లోపలే ఉండిపోయే కోర్‌గా వాడుకోండి.

ఓవెన్ మీటరు చూపేది గాలి వేడి. ఫోమ్ వేడిని సులువుగా పోనివ్వదు కాబట్టి అచ్చు వైపు పొర ఆలస్యంగా వేడెక్కుతుంది. బ్యాగ్ వైపు ఒకటి, ఫోమ్‌కీ కార్బన్‌కీ మధ్య, కోసి పారేసే అంచులో, ఒకటి థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టి, రెండిట్లో చల్లగా ఉన్నది కూడా క్యూర్ వేడికి చేరాకే గడియారం మొదలుపెట్టండి. వైశాఖంలో సాయంత్రం గాలివానకు కరెంటు పోతే ఓవెన్ తలుపు తెరవకండి. వేడి తగ్గితే ఆ సమయం మళ్లీ కలుపుకోవచ్చు. రెజిన్ ఇంకా మెత్తగా ఉండగా వాక్యూమ్ పోతే మాత్రం మిగిలేది బుడగలే. అందుకే పంపుకీ బ్యాగ్‌కీ మధ్య, గాలిని వెనక్కి రానివ్వని వన్-వే వాల్వ్ తప్పనిసరి.

అభ్యాసం: కార్బన్ లేకుండా, ఒక అడుగు చదరపు ఫోమ్ ముక్కను బ్యాగ్‌లో పెట్టి, మీరు అనుకున్న క్యూర్ మొత్తం నడపండి. ముందూ తర్వాతా తొమ్మిది చోట్ల మందం వెర్నియర్‌తో కొలవండి. రెండు థర్మోకపుల్‌ల అంకెలు పావుగంటకోసారి రాయండి, రాత్రయినా సరే. ఎక్కడైనా అర మిల్లీమీటరు తగ్గితే 5 డిగ్రీలు దించి, కొత్త ముక్కతో మళ్లీ మొదటి నుంచి చేయండి. అలా దించుతూ ప్రీప్రెగ్ కనిష్ఠం కంటే కిందికి పోతే ఆ ఫోమ్ ఆ ప్రీప్రెగ్‌కు పనికిరాదు. ఈ కొలతలు చేతికి వచ్చాకే ప్రీప్రెగ్ రోల్‌ను ఫ్రీజర్ నుంచి తీయండి.