నీటిమట్టాల పటం తేడాగా వస్తే: సమస్య - పరిష్కారం

బావుల నీటిమట్టాలతో ఇంటర్‌పొలేషన్ (కొలిచిన బిందువుల మధ్య విలువలను లెక్కగట్టడం) చేస్తే పటం వింతగా వచ్చింది. తప్పు కొలతలదా, సాఫ్ట్‌వేర్‌దా? ఆ పటాన్ని ఎంతసేపు చూసినా తేలదు. ముందు జవాబు తెలిసిన ఉపరితలంతో పరీక్షించండి. గ్రాస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో గళ్లకు విలువలు లెక్కించే ఆర్.మ్యాప్‌కాల్క్‌తో, 10 మీటర్ల గళ్లలో, తూర్పుకు ప్రతి 100 మీటర్లకు 1 మీటరు పెరిగే వాలు తయారు చేయండి. దాని మీద 200 బిందువులు చల్లి, విలువలు తీసుకుని, వాటితో మళ్లీ ఉపరితలం కట్టి, అసలు దానిలోంచి తీసివేయండి. గళ్లు సరిగ్గా కలిస్తే, టిన్ పద్ధతిలో (బిందువులను త్రిభుజాలుగా కలిపే పద్ధతి) తేడా 5 సెంటీమీటర్లు దాటకూడదు. బిందువుకు గడి మధ్య విలువే వస్తుంది కాబట్టి ఆ మాత్రం సహజం. దాటితే లోపం మీ అమరికలో ఉంది.

బావుల చుట్టూ వలయాలు

ఇది ఐడీడబ్ల్యూ అనే ఇంటర్‌పొలేషన్ పద్ధతి స్వభావం. దగ్గరి బిందువుకు ఎక్కువ బరువిచ్చి సగటు కడుతుంది. సగటు గరిష్ఠాన్ని దాటదు, కనిష్ఠం కిందికి దిగదు. అందుకే శిఖరాలూ గుంటలూ కొలిచిన చోటే పడతాయి. పవర్ (దూరంతో బరువు ఎంత త్వరగా తగ్గాలో చెప్పే అంకె) మార్చితే వలయాల రూపు మారుతుంది, అవి పోవు. బదులుగా గ్రాస్‌లోని వి.సర్ఫ్.ఆర్ఎస్‌టీ వాడండి, అది నునుపైన ఉపరితలం కడుతుంది. అది కొలతలను మించి ఎగసిపడితే ఉపరితలాన్ని బిగించే టెన్షన్ అనే అమరికను మామూలు విలువ 40 నుంచి పెంచండి.

వలయం ఒక్కటే, అదీ లోతైన గుంట అయితే పద్ధతి మార్చకండి, పట్టిక తెరవండి. 412, 415 మీటర్ల బావుల మధ్య ఒకటి 0 అని ఉంటుంది. కొలవని బావి ఖాళీ గడి సున్నాగా మారిపోయింది. ఆ వరుస తీసేయండి.

నాలుగైదు గళ్ల పటం, లేదా కదలని కంప్యూటర్

క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో పిక్సెల్ (ఒక గడి పరిమాణం) 0.1 అని ఉందా? మీ పటం పొర (లేయర్) డిగ్రీలలో ఉంటే అది సుమారు 11 కిలోమీటర్లు. మీటర్లలో ఉంటే 10 సెంటీమీటర్లు. 10 కిలోమీటర్ల చదరానికి 1000 కోట్ల గళ్లు! పొరను మీటర్లలో కొలిచే యూటీఎమ్ నిర్దేశాంక పద్ధతిలోకి మార్చి (హైదరాబాద్‌కు 44 ఉత్తర జోన్, 78 డిగ్రీల రేఖాంశానికి పడమరన 43) పిక్సెల్ 30 మీటర్లు ఇవ్వండి. గ్రాస్‌లో అయితే గళ్ల పరిమాణాన్ని నిర్ణయించే జి.రీజియన్ చూడండి.

కొండ మీద చదునైన మెట్లు

కాంటూరు గీతలతో (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) టిన్ కట్టారు. మూడు మూలలూ ఒకే గీత మీద పడిన త్రిభుజం చదునుగానే ఉంటుంది. శిఖరాల, లోయల ఎత్తులు బిందువులుగా చేర్చండి, లేదా గ్రాస్‌లో కాంటూర్ల నుంచి ఉపరితలం కట్టే ఆర్.సర్ఫ్.కాంటూర్ వాడండి.

ఆర్ఎస్‌టీ పటంలో చతురస్రపు అతుకులు

అది ప్రాంతాన్ని ముక్కలుగా లెక్కిస్తుంది. ఒక్కో ముక్క లెక్కలోకి తీసుకునే కనీస బిందువుల సంఖ్య అయిన ఎన్‌పీమిన్‌ను మామూలు విలువ 300 నుంచి పెంచండి. పని నెమ్మదిస్తుంది, అతుకులు తగ్గుతాయి.