నడుస్తున్న కంప్రెసర్‌లోకి గాలి పోనివ్వకండి

పది రోజుల కిందట గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇల్లు ఖాళీ చేస్తున్నారు. సామానంతా వ్యాన్ ఎక్కింది, బెడ్‌రూమ్ ఏసీ ఒక్కటే మిగిలింది. విప్పడానికి వచ్చిన కుర్రాడు నాకు బాగా తెలిసినవాడే, రెండు వేసవులు నా దగ్గర పని నేర్చుకున్నాడు. గ్యాస్‌ని అవుట్‌డోర్‌లోకి లాగడానికి మిషన్ ఆన్ చేసి, గ్యాస్ ఇంట్లోకి వెళ్లే సన్నపైపు వాల్వు మూశాడు. కింద వ్యాన్ డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ప్రెషర్ చూపే గేజీ తగిలించలేదు. మిషన్ తిరుగుతూ ఉండగానే, గ్యాస్ తిరిగొచ్చే లావుపైపు నట్టుకి పానా వేసి వదులు చేశాడు. ఆ చప్పుడు రెండు వీధుల అవతలికి వినిపించిందట. కొంచెం పక్కకి ఒరిగి కూర్చున్నాడు కాబట్టి ప్రాణం దక్కింది. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

వీధిలో అందరూ ‘ఏసీ సిలిండర్ పేలింది’ అన్నారు. స్ప్లిట్ ఏసీలో సిలిండర్ ఎక్కడుంది? పేలింది కంప్రెసర్. పేల్చింది గాలి, మనం పీల్చే మామూలు గాలి.

విజయవాడలో ఈ పని మొదలుపెట్టి పాతికేళ్లయింది. ఫిల్టర్ కడుక్కోండి, తలుపులు మూసుకోండి లాంటివి ఇక్కడ రాయను, అవి అందరికీ తెలుసు. రోహిణి కార్తె వస్తోంది. బళ్లు తెరిచేలోపు ఇళ్లు మారేవాళ్లతో మే ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా మాకు ఊపిరాడదు. కొత్తవి బిగించడం కన్నా పాతవి విప్పి ఇంకో ఇంట్లో పెట్టడమే ఎక్కువగా ఉంటుంది. ఈ ప్రమాదం కూడా ఎక్కువగా అప్పుడే జరుగుతుంది.

కంప్రెసర్‌లో ఎప్పుడూ రెండే ఉండాలి: గ్యాస్, దానితోపాటు తిరిగే ఆయిల్. డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. కంప్రెసర్ చేసేది కూడా నొక్కడమే, లోపల ఆయిల్ ఆవిరి ఎప్పుడూ ఉంటుంది. మంటకి తక్కువైంది గాలి ఒక్కటే. గాలి లేదు కాబట్టే ఆ డబ్బా ఏళ్ల తరబడి గోడకి వేలాడుతూ మన పిల్లలు పడుకునే గదిని చల్లబరుస్తోంది. మిషన్ తిరుగుతుండగా గాలి లోపలికి పోయిందంటే మీరు దాన్ని డీజిల్ ఇంజన్ చేసినట్టే. పైగా గాలి గ్యాస్‌లాగా చల్లబడి ద్రవం కాదు. అవుట్‌డోర్‌లో గ్యాస్‌ని చల్లబరిచే కండెన్సర్‌లో పోగుపడి ప్రెషర్ పెంచుకుంటూ పోతుంది.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. పాత ఆర్-22 గ్యాస్ రోజుల్లో మేం గేజీ లేకుండానే గ్యాస్ లాగేవాళ్లం. సన్నపైపు మూసి, అరవై లెక్కపెట్టి, లావుపైపు మూసి, మిషన్ ఆపేసేవాళ్లం. ఆ లెక్కే ఆ కుర్రాడికీ నేర్పాను. అప్పట్లో అన్నీ ఒకే స్పీడులో తిరిగే కంప్రెసర్లు, లెక్క ఎలాగోలా సరిపోయేది. ఇప్పుడు ఇన్వర్టర్ మిషన్ ఒకసారి నెమ్మదిగా, ఒకసారి జోరుగా తిరుగుతుంది. అరవై లెక్కపెట్టేసరికి గ్యాస్ సగమే రావచ్చు, లేదా ఎప్పుడో ఖాళీ అయిపోయి లైను సున్నా కిందికి పోయి ఉండొచ్చు. సున్నా కిందికి పోయిన లైన్లో నట్టు కాస్త వదులైనా బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ప్రెషర్ల తేడా సరేసరి. మన మే ఎండలో ఆర్-22 మిషన్ హై సైడు, అంటే గ్యాస్‌ని నొక్కి పంపే వైపు, ప్రెషర్ 300 పీఎస్ఐ అటూ ఇటూ ఉంటే, ఇప్పటి ఆర్-32 గ్యాస్ మిషన్ 400 దాటుతుంది. పాత లెక్కలు ఈ మిషన్లకి పనికిరావు.

గ్యాస్ లాగే పద్ధతి ఒక్కటే. లావుపైపు వైపు గేజీ తగిలించాలి. మిషన్ కూలింగ్‌లో నడవాలి. ఇన్వర్టర్ మిషన్ అయితే మాన్యువల్లో చెప్పిన టెస్ట్ రన్‌లో పెట్టాలి, లేకపోతే గది చల్లగా ఉందనుకుని అది మధ్యలో తగ్గిపోతుంది. ఎలెన్ కీతో సన్నపైపు వాల్వు పూర్తిగా మూసి గేజీ ముల్లు మీదనే కన్ను పెట్టాలి. సున్నాకి కొంచెం పైన ఉండగానే లావుపైపు మూసి, వెంటనే మిషన్ ఆపాలి. ఆపాక ఏసీకి కరెంటు ఆపే బోర్డు స్విచ్చి, అదే ఎం.సి.బి., దించాలి. దించాక ఫ్యాన్ రెక్క ఆగిందో లేదో చూడాలి. అప్పుడే నట్టు మీద పానా వేయాలి. పైపు విప్పేముందు కంప్రెసర్ ఆపమని కంపెనీలు ఇన్‌స్టలేషన్ మాన్యువల్లోనే హెచ్చరిక వేస్తాయి. ఆ పుస్తకం అట్టపెట్టెతోపాటు పాత పేపర్లవాడికి పోతుంది, అది వేరే సంగతి.

ఎక్కడో లీకై గ్యాస్ ముందే పోయిన మిషన్ని అసలు అలా లాగకూడదు. గ్యాస్ లేని మిషన్ తిప్పితే ఆ కన్నంలోంచి లాగేది గాలినే. ‘కూలింగ్ రావట్లేదు, విప్పి పట్టుకెళ్లి కొత్తింట్లో గ్యాస్ ఎక్కించండి’ అని ఇంటివాళ్లు అన్నప్పుడు చాలామంది పడే గొయ్యి ఇదే. మిగిలిన కాస్త గ్యాస్‌ని రికవరీ మిషన్‌తో తీసుకోవాలి. ఏసీ కంప్రెసర్‌ని ఆ పనికి వాడకూడదు.

గాలి పోయే రెండో దారి లీక్ టెస్టు. నైట్రోజన్ సిలిండర్ మోసుకురావడం బరువని ఏసీ కంప్రెసర్‌తోనే బయటి గాలి లాగించి, ఆ ప్రెషర్ మీద సబ్బు నురగ రాసి చూస్తారు. వన్‌టౌన్‌లో ఒకాయన ఏళ్లుగా ఇలాగే చేస్తున్నానని, తనకేమీ కాలేదని నాతో వాదించాడు. ఏమీ కాని ఆ రోజులన్నీ అదృష్టం. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో గాలి కొట్టడమూ ఇదే కోవలోది. ఇంకా ఘోరమేమిటంటే, వెల్డింగ్ షాపు నుంచి ఆక్సిజన్ తెచ్చి కొట్టడం. ఆయిల్ ఉన్న లైన్లో ప్రెషర్ మీద ఆక్సిజన్ అంటే నిప్పు కూడా అక్కర్లేదు. లీక్ టెస్టుకి పొడి నైట్రోజన్ ఒక్కటే, అదీ రెగ్యులేటర్ పెట్టుకునే. నిండు సిలిండర్‌లో 2000 పీఎస్ఐకి పైనే ఉంటుంది. రెగ్యులేటర్ లేకుండా తెరిస్తే పైపూ ఉండదు, పట్టుకున్న చెయ్యీ ఉండదు.

మూడోది బిగింపు. పైపులు బిగించాక లోపలి గాలి లాగేసే వ్యాక్యూమ్ పంపు పెట్టకుండా, అవుట్‌డోర్‌లోని గ్యాస్ కాస్త వదిలి ‘గాలి తోసేశాం’ అంటారు. అలా తోస్తే గాలి పూర్తిగా పోదు, తేమ అసలే పోదు. ఆ తేమ ఇప్పటి మిషన్ల ఆయిల్‌తో కలిసి ఆమ్లం తయారవుతుంది, కంప్రెసర్ మోటారు తీగచుట్ట (వైండింగ్)ని తినేస్తుంది. ఇది వెంటనే పేలదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. రెండేళ్లకి కంప్రెసర్ పోతే కంపెనీని తిడతారు.

ఇంటివాళ్లకి పని తెలియకపోయినా ఇది పసిగట్టొచ్చు. బిగించేటప్పుడు పంపు చప్పుడు కనీసం ఇరవై నిమిషాలు వినపడాలి. పంపు ఆపాక గేజీ మీద వ్యాక్యూమ్ అలాగే నిలబడిందా అని అడగండి. వ్యాక్యూమ్‌ని సన్నగా కొలిచే మైక్రాన్ గేజీ ఉన్నవాడైతే 500 మైక్రాన్ల కిందికి దించి చూపిస్తాడు. విప్పేటప్పుడు గేజీ తగిలించకుండా పైపు మీద చెయ్యి వేస్తుంటే ఆపమనండి. ‘మాకు తెలుసండీ’ అంటాడు. అయినా ఆపమనండి.

కరెంటు గురించి కొంచెం. రిమోట్‌తో ఆపితే ఆగేది చల్లదనం, అవుట్‌డోర్‌లో కరెంటు చాలా మిషన్లలో అలాగే ఉంటుంది. ఎం.సి.బి. దించాక కూడా ఇన్వర్టర్ బోర్డు మీది పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకి పైనే నిలిచి ఉంటుంది. కనీసం పది నిమిషాలు ఆగి, మల్టీమీటర్ పెట్టి, సున్నాకి వచ్చిందని చూశాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి చిటపటలాడించడం సినిమాకి బాగుంటుంది. ఇంకా మిగిలి ఉంటే, బల్బు హోల్డరు వైర్లు తగిలించి బల్బు మీదుగా దింపుకోండి. అపార్ట్‌మెంట్లలో ఇంకో మెలిక ఉంది. ‘కరెంటు పోయిందిలే’ అని విప్పుతుంటే సెల్లార్‌లో జనరేటర్ ఆన్ అవుతుంది. ఎం.సి.బి. దించి దాని మీద టేపు అంటించండి. ఇంట్లో పిల్లలుంటే ఆ బోర్డు దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు సింగ్‌నగర్ వైపు కింది అంతస్తుల్లో మునిగిన అవుట్‌డోర్లు చాలా ఉన్నాయి. ఎండలో ఆరబెట్టి నడిపించేశారు, ఇప్పటికీ కొన్ని నడుస్తున్నాయి. వాటి కనెక్షన్ పెట్టె తెరిస్తే ఎండిన బురద, పచ్చగా చిలుమెక్కిన టెర్మినళ్లు కనిపిస్తాయి. అలాంటి మిషన్‌కి ముందు మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఇన్సులేషన్ చూడండి, ఎర్తింగ్ చూడండి. బాడీని ముట్టుకోవడం ఆ తర్వాతే. మునిగిన సంగతి ఇంటివాళ్లు తమంతట తాము చెప్పరు, అడగాలి.

ఇక తమ్ముళ్లూ, ఒక వరస లేకుండా రాస్తున్నాను. ఒక్కటీ వదలొద్దు.

మిషన్ తిరుగుతుండగా ఏ నట్టూ విప్పకు.

గేజీ లేకుండా గ్యాస్ లాగకు. సెల్‌ఫోన్‌లో టైమర్ పెట్టుకున్నా గేజీ గేజీయే.

నేమ్‌ప్లేట్ చదివాకే గ్యాస్ బుడ్డి తియ్యి. ఆర్-32 మిషన్‌లో ఆర్-22 వేస్తే చల్లదనమూ రాదు, కంప్రెసరూ మిగలదు.

ఆర్-22 మిషన్‌లో ‘ఇది కూడా పనిచేస్తుంది, చవక’ అని ప్రొపేన్ జాతి గ్యాస్ అమ్మజూపుతారు. అది వంటగ్యాస్‌కి చుట్టం. ఆ గ్యాస్‌కని తయారుచేసిన మిషన్లు వేరే ఉన్నాయి. మామూలు మిషన్‌లో వేసి పడకగదికి తగిలించకు.

గ్యాస్ కాటా మీద తూచి ఎక్కించు. నేమ్‌ప్లేట్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది. ‘పైపు చల్లబడింది, చాలు’ అనేది లెక్క కాదు.

లీకు చూడ్డానికి అగ్గిపుల్ల వెలిగించకు. ఆర్-32 అంటుకునే గ్యాసే, కాస్త బద్ధకంగా అంటుకుంటుంది, అంతే. గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పేరుకుంటుంది. పని చేసే గదిలో కిటికీలు తెరిపించు, దేవుడి దీపం, అగరొత్తి ఆర్పించు. పెద్దావిడ కోప్పడితే పడు.

లైన్లో గ్యాస్ ఉండగా పైపుకి మంట టార్చి పెట్టకు. గ్యాస్ మంటలో కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులకి విషం. ఘాటు వాసన తగిలితే పని వదిలేసి గది బయటికి పరుగెత్తు.

బ్రేజింగ్ చేసేటప్పుడు, అంటే పైపులు మంటతో అతికేటప్పుడు, లోపల నైట్రోజన్ పారనీ.

అవుట్‌డోర్ 30 కిలోల అటూ ఇటూ ఉంటుంది. సజ్జ మీద ఒంటరిగా ఎత్తకు. తాడు ముందు కట్టు, బోల్టు తర్వాత విప్పు.

బెల్టు పెట్టుకో. బెల్టు కొక్కెం ఏసీ స్టాండుకి తగిలించకు, ఆ స్టాండు ఎన్ని వానాకాలాలు చూసిందో నీకు తెలియదు. లోపలి పిల్లరుకో, గట్టి గ్రిల్లుకో తగిలించు. చెప్పులతో సజ్జ ఎక్కకు.

మిట్టమధ్యాహ్నం టెర్రస్ మీద పని పెట్టుకోకు. నాకు ఒకసారి నలభై అయిదు డిగ్రీల్లో కళ్లు తిరిగాయి, చేతిలో టార్చి వెలుగుతోంది. ఉదయం పదిలోపు, లేదా సాయంత్రం అయిదు తర్వాత.

ప్రెషర్ వాటర్ కొట్టేటప్పుడు బోర్డు వైపు కవరు చుట్టు.

ఆక్సిజన్ బుడ్డి నీ బండి మీద కనపడకూడదు. ‘టెస్టుకి కాదు, టార్చికి’ అన్నా సరే, లైన్ దరిదాపుల్లో దాని హోసు ఉండకూడదు. రంగు చూసి పట్టుకోకు, మీద రాసింది చదువు.

గ్యాస్ పోయిన మిషన్ని తిప్పి లాగకు. ఇది పైన రాశాను, మళ్లీ రాస్తున్నాను. లీకున్న మిషన్ లాగేది గాలినే.

గేజీ ముల్లు సున్నా కిందికి దిగితే, లేదా కంప్రెసర్ శబ్దం మారి గరగరమంటే, దగ్గరికి పోయి చూడకు. ఎం.సి.బి. దగ్గరికి పో. ఆపు. అందరినీ అవతలికి పంపు.

అవుట్‌డోర్ ముఖానికి ముఖం పెట్టి కూర్చోకు. పక్కకి కూర్చో. ఆ కుర్రాడు బతికింది అందుకే.

కాలితే నీళ్లు పొయ్యండి, ఇరవై నిమిషాలు, కుళాయి నీళ్లు. పేస్టు, సిరా పూయకండి. 108కి చెయ్యండి. మంటైతే 101.

మిషన్ ఆగకుండా, ఎం.సి.బి. దించకుండా, ఏ నట్టు మీదా పానా వేయకు. కింద వ్యాన్‌వాడు హారన్ కొడుతున్నాడా? కొట్టనీ. వెయిటింగ్‌కి రెండొందలు అడిగితే ఇంటివాళ్లే ఇస్తారు.