ఎయిర్‌బ్రష్ కొనేముందు గాలి లెక్క చూసుకోండి

గాలి బలంతో రంగును సన్నటి తుంపరగా చిమ్మే ఎయిర్‌బ్రష్‌ను కొనాలనుకునేవాళ్లు చాలామంది బ్రష్షు దగ్గరే ఆగిపోతారు. ఏ కంపెనీది, సూది ఎంత సన్నం, ధరెంత అని రోజుల తరబడి వెతికి, చివర్లో మిగిలిన డబ్బుతో దానికి గాలి నొక్కి పంపే కంప్రెసర్ ఏదో ఒకటి తెచ్చుకుంటారు. తీరా పనికి కూర్చున్నాక గీత తుంపులు తుంపులుగా పడుతోందనీ, రంగు మీద నీటిచుక్కలు రాలుతున్నాయనీ బ్రష్షును తిట్టుకుంటారు. నిజానికి ఆ రెండూ గాలి లోపాలే.

అందుకే ముందు పని ఏదో తేల్చుకోండి. పనిని బట్టి రంగు, రంగును బట్టి నాజిల్ (రంగు బయటికొచ్చే సన్న మూతి), నాజిల్‌ను బట్టి ప్రెషరు, నిమిషానికి పట్టే గాలి. ఈ లెక్క తేలాకే కంప్రెసర్ మోడల్ చూడాలి. డబ్బు చాలకపోతే బ్రష్షులో తగ్గించుకోండి, గాలిలో వద్దు. మామూలు బ్రష్షు మంచి గాలి మీద బాగానే పనిచేస్తుంది. ఖరీదైన బ్రష్షుకు కూడా తడిగాలి పెడితే చుక్కలే చిమ్ముతుంది.

బ్రష్షు

సింగిల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ నొక్కితే గాలీ రంగూ కలిసే వస్తాయి. రంగు ఎంత రావాలో వెనకున్న మర తిప్పి ముందే పెట్టుకోవాలి. డబుల్ యాక్షన్‌లో కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. ప్రైమరు, వార్నిషు, స్టెన్సిల్ లాంటి ఒకే మందం పనులకు సింగిల్ చాలు. ముఖాలు, నీడలు, సన్నగా మొదలై లావెక్కి మళ్లీ సన్నబడే గీతలు వేయాలంటే డబుల్ యాక్షనే కావాలి. ముందు సింగిల్ మీద నేర్చుకుని తర్వాత మారదామనుకుంటే డబ్బు దండగ, వేలి అలవాటు మళ్లీ మొదటి నుంచి పట్టాలి.

రంగు గిన్నె పైన ఉంటే గ్రావిటీ, కింద సీసా వేలాడితే సైఫన్. గ్రావిటీలో రంగు దానంతటదే దిగుతుంది కాబట్టి 10–15 పీఎస్ఐ (గాలి ప్రెషరు కొలత) మీద కూడా నడుస్తుంది, నాలుగు చుక్కలు వేసుకున్నా పనవుతుంది. సైఫన్‌లో గాలి రంగును పైకి లాక్కోవాలి. అందుకని సుమారు 25 పీఎస్ఐ, ఆ పైన ఉంటేనే ధార నిలకడగా వస్తుంది. అయితే రంగుకో సీసా కలిపి పెట్టుకుని చకచకా మార్చుకోవచ్చు. టీషర్టుల పనివాళ్లు సైఫన్ వదలనిది అందుకే.

ఇక నాజిల్. 0.2 మి.మీ. చూసి ముచ్చటపడకండి. అది ఇంకులకు, బాగా పలచని రంగులకు మాత్రమే. మామూలు అక్రిలిక్ పోస్తే రెండు నిమిషాలకోసారి సూది మొన తుడుచుకుంటూ కూర్చోవాలి. మొదటి బ్రష్షుగా 0.3 లేదా 0.35 తీసుకోండి. ఇవాటా ఎక్లిప్స్ హెచ్‌పీ-సీఎస్ 0.35తోనే వస్తుంది, మార్కెట్లో దొరికే చవక చైనా బ్రష్షుల్లో ఎక్కువ 0.3వే. ట్రిగ్గర్ ఎంత లాగాలో తెలిస్తే 0.35తో కూడా సన్నటి గీతే పడుతుంది. బట్టల రంగులకు, ప్రైమర్‌కు, మెటాలిక్ రంగులకు 0.5. అంతకంటే పెద్ద పని ఉంటే ఎయిర్‌బ్రష్‌ను సతాయించకుండా 0.8 లేదా 1.0 చిన్న స్ప్రే గన్ తీసుకోవడం మేలు.

ఒక తేడా మాత్రం కొనేముందే చూసుకోవాలి. కొన్ని బ్రష్షుల్లో నాజిల్‌ను చిన్న స్పానర్‌తో మర బిగించాలి. గోరుమొనంత ఆ ఇత్తడి ముక్కను కొంచెం గట్టిగా తిప్పితే మర దగ్గరే తెగి సగం లోపల ఉండిపోతుంది. కొత్తవాళ్లు బ్రష్షు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. హార్డర్ అండ్ స్టీన్‌బెక్ లాంటి కంపెనీల మోడళ్లలో నాజిల్ మర లేకుండా దాని చోట కూర్చుంటుంది, ముందు మూత బిగిస్తే చాలు. తరచూ విప్పి కడిగేవాళ్లకు ఈ రకం సుఖం.

గాలి

కంప్రెసర్ పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది గరిష్ఠ ప్రెషరు. దాన్ని పెద్దగా పట్టించుకోనక్కరలేదు, ఎయిర్‌బ్రష్‌కు 60 పీఎస్ఐ దాటి ఎప్పుడో గానీ అవసరం రాదు. చూడాల్సింది నిమిషానికి ఇచ్చే లీటర్లు. 0.3 నాజిల్ 20–25 పీఎస్ఐ మీద నిమిషానికి సుమారు 10 నుంచి 15 లీటర్లు తాగుతుంది. 0.5 నాజిల్ 40 పీఎస్ఐ మీద దానికి దాదాపు రెట్టింపు. పెట్టె మీద రాసే లీటర్లు ఎదురు ప్రెషరు లేనప్పటి లెక్క, పనిలో అంత రాదు. కాబట్టి మీకు కావలసిన దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఇచ్చేది తీసుకోండి.

ఏఎస్-186 అనే పేరుతో చాలా కంపెనీలు అమ్మే చిన్న కంప్రెసర్‌నే ఉదాహరణగా చూద్దాం. 1/6 హార్స్‌పవర్ మోటారు, 3 లీటర్ల ట్యాంకు, నిమిషానికి 20–23 లీటర్ల గాలి. ట్యాంకులో ప్రెషరు 4 బార్లకు చేరితే ఆగుతుంది, 3కు పడితే మళ్లీ మొదలవుతుంది. ఒక బారు అంటే 14.5 పీఎస్ఐ. ఈ ఒక్క బారు తేడాలో 3 లీటర్ల ట్యాంకు మనకిచ్చేది మూడు లీటర్ల గాలే. నిమిషానికి 12 లీటర్లు వాడే బ్రష్షుకు అది పావు నిమిషం. అంటే ఇంత చిన్న ట్యాంకు నిల్వ కోసం కాదు, పిస్టన్ కొట్టుకునే దెబ్బ గాలిలో తెలియకుండా చదును చేయడానికి. ట్యాంకు లేని మోడల్‌తో సన్నగీత వేసి చూడండి, గీత పొడవునా పూసలు గుచ్చినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు వర్క్‌షాపుల్లో ఉండే 24 లీటర్ల కంప్రెసర్ చూడండి. 8 బార్ల దాకా నింపి, 2 బార్లకు దిగేవరకు వాడితే 6 బార్ల తేడా, 24 లీటర్లు, మొత్తం 144 లీటర్ల గాలి. అదే బ్రష్షుకు ట్రిగ్గర్ వదలకుండా కొట్టినా 12 నిమిషాలు వస్తుంది. ఆగి ఆగి చేసే పనిలో అరగంట పైనే. ఈ రకంతో చిక్కు చప్పుడే. అపార్ట్‌మెంట్‌లో రాత్రి పూట నడిపితే పక్కింటివాళ్లు తలుపు కొడతారు. సాయంత్రమే ట్యాంకు నింపి మోటారు ఆపేసి, రాత్రి ఆ గాలితో పని చేసుకోవచ్చు. కరెంటు పోయే ఊళ్లలో ఇదే పెద్ద వసతి.

కాకపోతే దాని మీదున్న గేజి 0 నుంచి 12 బార్ల దాకా ఉంటుంది, అందులో ఒక బారు దగ్గర ముల్లు ఎక్కడుందో కంటికి ఆనదు. ప్రెషరు తగ్గించి నిలిపే చిన్న రెగ్యులేటరును, 0–4 బార్ల గేజి ఉన్నదాన్ని, మీరు కూర్చునే బల్ల దగ్గర వేరేగా బిగించుకోండి. ప్రెషరు ఎప్పుడూ ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే సరిచేయాలి. వదిలినప్పుడు 25 చూపించిన ముల్లు గాలి వెళ్తుంటే 20కి పడటం మామూలే.

తేమ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నొక్కిన గాలి వేడెక్కుతుంది, పైపులో పోతూ చల్లారుతుంది, చల్లారిన చోట నీరు దిగుతుంది. కంప్రెసర్ మూతికే బిగించిన వాటర్ ట్రాప్ (గాలిలోని నీటిని పట్టే గిన్నె) దగ్గర గాలి ఇంకా వేడిగానే ఉంటుంది కాబట్టి ఆవిరి దాన్ని దాటిపోయి ముందుకెళ్లి నీరవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరం ఊళ్లలో, వానాకాలంలో ఎక్కడైనా, దీని ప్రతాపం చూడాల్సిందే. మందు ఇదీ: కంప్రెసర్ నుంచి మూడు మీటర్ల పైపు, ఆ చివర వాటర్ ట్రాప్, అక్కడి నుంచి బ్రష్షుకు పొట్టి పైపు. ఇంకా తడి వస్తుంటే బ్రష్షు కిందే బిగించే చిన్న ట్రాప్ ఒకటి. పనయ్యాక ట్యాంకులో కాస్త గాలి ఉండగానే అడుగు వాల్వు తిప్పి నీరు వదిలేయండి. రోజూ చేయకపోతే ట్యాంకు లోపల తుప్పు పడుతుంది.

పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో సొంతంగా చేసుకునేవాళ్లున్నారు. చప్పుడు తక్కువ, గాలి నిలకడ. కానీ గాలితో పాటు నూనె ఆవిరి వస్తుంది, ఆయిల్ ఫిల్టర్ తప్పదు. ప్రెషర్ స్విచ్, సేఫ్టీ వాల్వు లేకుండా ట్యాంకుకు కలిపితే ప్రాణం మీదికి వస్తుంది. ఖాళీ గ్యాస్ సిలిండర్‌ను ట్యాంకుగా మార్చే ఆలోచన అసలు వద్దు.

అమెరికా నుంచి బంధువులతో తెప్పించుకునేవాళ్లు బ్రష్షు తెప్పించుకోండి, కంప్రెసర్ మాత్రం ఇక్కడే కొనండి. అక్కడిది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజి తగ్గించినా ఇక్కడి 50 హెర్ట్జ్ మీద మోటారు మెల్లగా తిరుగుతూ వేడెక్కుతుంది. బ్రష్షుకు కూడా, దాన్ని గాలి పైపుకు కలిపే అడాప్టరు సంగతి ముందే అడగండి. ఇవాటా, చాలా చైనా బ్రష్షులు 1/8 అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ కొలత) మర. బ్యాడ్జర్, పాషే బ్రష్షుల మర వేరు.

ఏ పనికి ఏది

వినాయకుడి విగ్రహాల పనిలో ఒక్క బ్రష్షుతో అన్నీ చేయాలనుకోవడం తప్పు. హైదరాబాద్ ధూల్‌పేట లాంటి చోట్ల నిలువెత్తు విగ్రహాలకు ఒంటి రంగు స్ప్రే గన్‌తోనే పడాలి. దానికి చిన్న కంప్రెసర్ గాలి అందించలేదు, 24 లీటర్లు లేదా అంతకంటే పెద్దది కావాలి. అదే ట్యాంకు నుంచి రెండో పైపు తీసి, దానికి వేరే రెగ్యులేటరు పెట్టి, చెంపల నీడకు, కళ్లకు 0.3 బ్రష్షు వాడుకోవచ్చు. నీడకు 18–20 పీఎస్ఐ, కనురెప్ప గీతకు 12–15. నగల బంగారు రంగుకు 0.5 ఉండాలి, అందులోని లోహపు పొడి సన్న నాజిల్‌లో అడ్డం పడుతుంది. కాల్చని మట్టి విగ్రహం మీద నీటి రంగు ఒక్కసారే దట్టంగా కొడితే పై మట్టి నాని రేగుతుంది. పొగమంచులా పలచగా కొట్టి, ఆరాక మళ్లీ కొట్టాలి. పసుపు లాంటి సహజ రంగులను పలచటి బట్టలో రెండుసార్లు వడకట్టి 0.5లోనే వేయండి.

స్కేల్ మోడళ్లకు, కాగితం మీద బొమ్మలకు గ్రావిటీ డబుల్ యాక్షన్ 0.3, ఏఎస్-186 తరహా కంప్రెసర్ సరిగ్గా సరిపోతాయి. 15–20 పీఎస్ఐ చాలు. అక్రిలిక్‌ను దాని థిన్నర్‌తో సగానికి సగం కలిపి మొదలుపెట్టండి. గిన్నె గోడ మీద పూసి చూస్తే వెన్న తీసిన పాలలా జారి, వెనక పలచటి పొర మిగలాలి.

టీషర్టులకు 0.5 సైఫన్, 40–50 పీఎస్ఐ. బట్ట పోగుల్లోకి రంగు దిగాలంటే ఆ బలం కావాలి. అంత గాలి గంటల తరబడి లాగితే చిన్న కంప్రెసర్ వేడెక్కి ఆగిపోతుంది. కాబట్టి ఇది వృత్తిగా చేసేవాళ్లు పెద్ద ట్యాంకుకే వెళ్లాలి. ఆరిన తర్వాత సీసా మీద చెప్పిన వేడితో ఇస్త్రీ చేయకపోతే రెండు ఉతుకుల్లో రంగు పోతుంది.

బైకు ట్యాంకుల మీద బొమ్మలకు 0.3, ఆయిల్‌లెస్ (లోపల నూనె వాడని) కంప్రెసర్. నూనె తుంపర ఒక్కటి పడినా పై కోటు అక్కడ గుంటపడి చేపకన్నులా విచ్చుకుంటుంది. లాకర్ థిన్నర్ వాడతారు కాబట్టి లోపలి సీళ్లు టెఫ్లాన్‌వి అయి ఉండాలి, రబ్బరువి ఉబ్బి సూదిని పట్టేస్తాయి. గట్టిపడటానికి హార్డ్‌నర్ కలిపే పీయూ (పాలీయురెథేన్) క్లియర్ కోటును ఇంట్లో కొట్టకండి. అందులోని ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, ఎన్-95 మాస్కు వాటిని ఆపదు. ఆ ఒక్క పని పెయింట్ బూత్ ఉన్న షాపుకు ఇవ్వండి. మామూలు థిన్నర్ రంగులకు ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి ఉన్న మాస్కు, నీటి రంగులకు ఎన్-95.

కేకులకు, గోళ్లకు, మేకప్‌కు చార్జింగ్‌తో నడిచే చేతి కంప్రెసర్లు సరిపోతాయి. ట్యాంకు లేని లోటు అక్కడ అంతగా కనిపించదు. కేకుల బ్రష్షు కేకులకే, ఒక్కసారి కూడా వేరే రంగు అందులో పోయకూడదు. రంగు కలిపిన కోకో బటర్ వాడితే 0.5 తీసుకుని, బ్రష్షును హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా ఉంచండి, లేకుంటే లోపలే గడ్డకడుతుంది.

తేడా వచ్చినప్పుడు

గిన్నెలో బుడగలు వస్తుంటే గాలి వెనక్కి తన్నుతోందని అర్థం. నాజిల్ సరిగా కూర్చోలేదు, పగిలింది, లేదా ముందు మూతలో రంగు ఎండింది. రంగు సాలీడు కాళ్లలా పాకితే మరీ పలచన, లేదా మరీ దగ్గర, లేదా ప్రెషరు ఎక్కువ. ఇసుక పట్టినట్టు గరుగ్గా పడితే రంగు దారిలోనే ఆరిపోతోంది, ఎండాకాలంలో ఇది రోజూ ఉండే బాధ. ఆరడం ఆలస్యం చేసే రిటార్డర్ కొన్ని చుక్కలు వేసి దగ్గరగా కొట్టండి. ధార ఒక పక్కకే పోతుంటే సూది మొన వంగింది. సూదిని అద్దం మీద దొర్లించండి, మొన ఎగిరెగిరి పడితే వంకర ఉన్నట్టే. గీత మొదట్లో, చివర్లో చుక్క పడితే అది చేతి తప్పు. ముందు గాలి, తర్వాత రంగు. ఆపేటప్పుడు ముందు రంగు, తర్వాత గాలి.

కొనేచోట బ్రష్షులో నీళ్లు పోయించి, 20 పీఎస్ఐ మీద న్యూస్‌పేపర్ మీద చుక్క, గీత వేసి చూడండి. అదే బ్రష్షుకు సూది, నాజిల్ ఒక్కో జత అదనంగా దొరుకుతాయో లేదో అక్కడే అడగండి, దొరకని బ్రష్షు ఎంత మంచిదైనా వద్దు. ఇంటికొచ్చాక ప్రతి మర మీదా టెఫ్లాన్ టేపు చుట్టి బిగించి (బ్రష్షు వైపు వాషర్ ఉన్న మరకు అక్కరలేదు), ట్యాంకు నింపి, సబ్బు నీళ్లు రాయండి. బుడగ లేచిన చోట లీకు. ఎవరూ ట్రిగ్గర్ ముట్టకుండానే మోటారు అప్పుడప్పుడూ దానంతటదే మొదలవుతుంటే ఇంకా ఎక్కడో ఒక మర మిగిలిపోయింది, వెతకండి.