బ్రెస్ట్ లిఫ్ట్ (సాగిన రొమ్ముల్ని పైకెత్తే) సర్జరీకి డేట్ తీసుకున్నారా? ముందు ఇవి చూసుకోండి

సిగరెట్, వేప్, నికోటిన్ గమ్, ప్యాచ్: కనీసం 4 వారాల ముందు నుంచే అన్నీ ఆపాలి, ఆపరేషన్ తర్వాతా అంతే. నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది. రక్తం సరిగా అందకపోతే గాయం మానదు, చర్మం, ఒక్కోసారి చనుమొన కూడా దెబ్బతింటాయి. డాక్టర్ దగ్గర దాచడానికి ఇది సమయం కాదు.

ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, చేపనూనె, విటమిన్ ఇ: రక్తస్రావం పెంచవచ్చు. వాడేవన్నీ చెప్పండి. గుండెకో, రక్తం గడ్డకట్టకుండానో ఇచ్చిన మందుల్ని మాత్రం సొంతంగా ఆపొద్దు.

త్వరలో గర్భం ప్లాన్ ఉంటే వాయిదా వేయడమే మంచిది. రొమ్ములు మళ్లీ సాగుతాయి. సర్జరీ తర్వాత పాలివ్వడం కొందరికి కష్టం కావచ్చు.

బరువు ఇంకా తగ్గుతూ ఉంటే ఆగండి, అప్పుడూ రొమ్ములు మళ్లీ సాగుతాయి.

మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) అవసరమా అని అడగండి. తర్వాతి స్కాన్లను పోల్చడానికి పనికొస్తుంది.

లిఫ్ట్ ఆకారాన్ని మారుస్తుంది, సైజు పెంచదు. మచ్చలు పాలిపోతాయి గానీ పూర్తిగా పోవు. పాత పేషెంట్ల ఫొటోల్లో మచ్చలు కూడా చూపించమనండి. మొదట్లో వాపు, అటూఇటూ తేడా, స్పర్శ తగ్గడం మామూలే.

బరువులెత్తడం దాదాపు 4 నుంచి 6 వారాలు కుదరదు. చంటిపిల్లలుంటే ఎత్తుకునే మనిషిని ముందే చూసుకోండి.

ఒక వైపే హఠాత్తుగా ఉబ్బినా, జ్వరం వచ్చినా వెంటనే ఫోన్ చేయండి. పిక్కలో నొప్పి, ఆయాసం అయితే నేరుగా ఎమర్జెన్సీకే.